ముస్లిమ్ స్త్రీ విద్య: నికాహ్‌నామాలోని ఒక్క అక్షరం

ఇస్లాం స్త్రీకి ఏయే హక్కులిచ్చిందో చెప్పే వ్యాసాలు మన పత్రికలలో చాలా వచ్చాయి. సీరత్ సభలలో ఆ విషయం మీద ఉపన్యాసాలూ విన్నాము. మహర్, వారసత్వం, వివాహంలో సమ్మతి, ఖులా... ఈ జాబితా మనలో చాలామందికి కంఠస్థమే. అయితే ఈ హక్కులు ఎవరి కోసం ఏర్పడ్డాయో వారి చేతికి అవి అందుతున్నాయా అనే ప్రశ్నను మాత్రం మనం తక్కువగా వేసుకుంటాము. ఆ ప్రశ్నను ఒకే ఒక్క కాగితం ముందు పెట్టి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ కాగితం నికాహ్‌నామా. హైదరాబాదు వైపు దీనిని సియాహా అని కూడా అంటారు.

అనువాదం నా పని కాబట్టి, ఉర్దూ దస్తావేజులను తెలుగు చేసిపెట్టమని అప్పుడప్పుడు కొందరు నా దగ్గరకు వస్తుంటారు. కొన్నేళ్ళ క్రితం ఒక తల్లీ కూతురూ అలా వచ్చారు. ఇంట్లో వారు మాట్లాడేది ఉర్దూయే గాని, కూతురు చదివినదంతా తెలుగు మాధ్యమంలో. డిగ్రీ కూడా పూర్తి చేసింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. భర్త ఆమెనూ బిడ్డనూ పుట్టింట దింపి రెండేళ్ళు దాటింది. తలాఖ్ ఇవ్వలేదు, తీసుకుపోలేదు, ఖర్చులకు పైసా పంపలేదు. పెద్దమనుషులు కూర్చుని, ‘మహర్ వదులుకుని ఖులా తీసుకో, నీ దారి నీవు చూసుకో’ అని సలహా చెప్పారట. ఆమె దానికి ఒప్పుకునే స్థితికి వచ్చింది. వకీలు నికాహ్‌నామాకు తెలుగు అనువాదం కావాలన్నందున నా దగ్గరకు వచ్చారు.

కాగితం మీద మహర్ మొత్తం, దాని పక్కన ‘సిక్కా రాయిజుల్ వఖ్త్’, అంటే చెలామణిలో వున్న నాణెం అనే మాట, ఆ తరువాత రెండు దీనారె సుర్ఖ్, చివర ‘ముఅజ్జల్’ అనే పదం వున్నాయి. మహర్ ఎప్పుడు ఇవ్వవలసినదో తెలుసా అని తల్లిని అడిగాను.

“తెలియకేమి మౌల్వీ సాబ్, తలాఖ్ అయినప్పుడో, మనిషి పోయినప్పుడో వచ్చేదే కదా మహర్. మా కాలం నుంచీ అంతే” అన్నదావిడ.

కూతురు మాత్రం కాసేపు ఆ కాగితం వంకే చూసి, “భయ్యా, కింద వున్న సంతకం నాదే. తెలుగులోనే పెట్టాను. పైన ఏముందో ఎవరూ తెలుగులో చెప్పలేదు” అన్నది.

ఆ మాట విన్నప్పుడు నాకు నా చెల్లెలి నికాహ్ గుర్తుకు వచ్చింది. ఆనాడు సమ్మతి అడగడానికి లోపలికి వెళ్ళిన సాక్షులలో నేనొకణ్ణి. మహర్ ఎంతో చెప్పి, ‘ఖుబూల్’ అనిపించి, సంతకం చేయించి బయటికి వచ్చాము. అది ఎప్పుడు చెల్లించవలసిన మహరో, ఇంకేమైనా షరతులు వ్రాయించుకోవచ్చునో నేను ఆమెకు చెప్పలేదు. మద్రసాలో చదువుకున్నవాణ్ణి, ఆ పాఠం నాకు వచ్చు. అయినా చెప్పాలని తోచలేదు. కాబట్టి ఈ వ్యాసంలో ఎవరినైనా తప్పు పట్టవలసి వస్తే ఆ వరుసలో నేనూ వున్నాను.

ఒకే ఉచ్చారణ, రెండు అర్థాలు

‘ముఅజ్జల్’ అనే మాటను గురించి కొంచెం వివరించాలి. ఉర్దూలో ఈ ఉచ్చారణతో రెండు పదాలున్నాయి. ఒకటి ‘అయిన్’ అక్షరంతో వ్రాసేది. త్వరపడటం అనే అర్థం గల ధాతువు నుంచి వచ్చింది. మహర్‌కు ఈ విశేషణం చేరితే అది వెంటనే చెల్లించవలసిన మహర్. నికాహ్ అయిన క్షణం నుంచి భార్య ఎప్పుడు అడిగితే అప్పుడు భర్త ఇచ్చుకోవాలి. రెండవది హమ్జా గల ‘వావ్’తో వ్రాసేది. ‘అజల్’, అంటే గడువు అనే మాట నుంచి వచ్చింది. ఇది వాయిదా మహర్. గడువు ప్రత్యేకంగా వ్రాసి వుండకపోతే తలాఖ్ నాడో, దంపతులలో ఒకరి మరణం నాడో చెల్లించవలసి వస్తుంది.

వినడానికి రెంటికీ తేడా లేదు. తెలుగు లిపిలో వ్రాసినా తేడా కనిపించదు. తేడా అంతా ఉర్దూ లిపిలోని ఒక్క అక్షరంలో వుంది. నికాహ్ సభలో ఖాజీగారు గట్టిగా చదివినా, పరదా వెనుక కూర్చున్న వధువుకు అది ఏ ముఅజ్జలో చెవితో తెలిసే వీలు లేదు. కంటితో చదవాలి, లేదా నోరు తెరిచి అడగాలి. మొదటిదానికి అక్షరం కావాలి, రెండవదానికి తన హక్కు ఏమిటో తెలిసిన ధైర్యం కావాలి. స్త్రీ విద్య, హక్కుల చైతన్యం అని మనం పెద్ద మాటలలో చెప్పుకునే రెండు విషయాలూ ఇక్కడ ఈ ఒక్క పదం దగ్గర కలుస్తున్నాయి.

ఆ అమ్మాయి తెచ్చిన కాగితంలో వున్నది అయిన్‌తో వ్రాసిన ముఅజ్జల్. అంటే పెళ్ళినాటి నుంచీ ఆ సొమ్ము ఆమెకు రావలసిన బాకీ. తొమ్మిదేళ్ళపాటు అది తన హక్కని ఆమెకు తెలియదు. ఏ తలాఖూ జరగకుండానే దానిని అడిగి తీసుకోవచ్చునని తల్లికీ తెలియదు. ఇప్పుడు వారు వదులుకోబోతున్నది కూడా సరిగ్గా దానినే.

బాకీని వ్రాసుకొమ్మన్న ఆదేశం

మహర్ భర్త దయతో ఇచ్చే కానుక కాదు. స్త్రీలకు వారి మహర్‌లను సంతోషంగా, విధిగా ఇచ్చివేయాలని దివ్య ఖుర్‌ఆన్ అన్‌నిసా సూరా 4వ ఆయతు ఆదేశిస్తున్నది. ఆమె తనంతట తాను మనస్ఫూర్తిగా కొంత వదిలితే మాత్రమే భర్త దానిని అనుభవించవచ్చు. అదే సూరా 20వ ఆయతు, భార్యకు ధనరాశి ఇచ్చి వున్నా సరే అందులో నుంచి ఏమీ తిరిగి పుచ్చుకోరాదని హెచ్చరిస్తున్నది. ధర్మశాస్త్రవేత్తలు చెల్లించని మహర్‌ను ‘దైన్’గా, అంటే రుణంగా లెక్క కట్టారు. భర్త మరణిస్తే అతని ఆస్తిని వారసులకు పంచడానికి ముందే తీర్చవలసిన అప్పులలో అది కూడా ఒకటి.

అప్పు అన్న తరువాత మరొక ఆయతును తప్పక జ్ఞాపకం చేసుకోవాలి. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అల్‌బఖరా సూరాలోని 282వది. ఒక నిర్ణీత గడువు వరకు అప్పు వ్యవహారం జరిగితే దానిని వ్రాసుకోవాలనీ, చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ అందులో ఆదేశం వుంది. గడువు అనే చోట అక్కడ వున్న పదం ‘అజల్’. వాయిదా మహర్ పేరుకు మూలమైన పదమే అది. అంగట్లో బాకీ విషయంలోనే సందేహాలకు తావు లేకుండా వ్రాసుకోవాలని చెప్పిన ధర్మం, జీవితాంతం సాగవలసిన ఒప్పందంలోని బాకీని, బాకీ రావలసిన మనిషికి తెలియని లిపిలో ఒక్క అక్షరానికి వదిలేయడాన్ని ఒప్పుకుంటుందా? పాఠకులే ఆలోచించాలి.

అడిగి తెలుసుకున్న స్త్రీలు

హక్కులు తెలిస్తే ఆడపిల్లలు ఎదురు మాట్లాడతారు, కాపురాలు నిలవవు అని మనలో కొందరికి భయం వుంది. ఈ భయానికి జవాబు దైవప్రవక్త (సల్లం) కాలం నాటి మదీనాలోనే దొరుకుతుంది.

హజ్రత్ బరీరా (రజి) బానిసత్వం నుంచి విముక్తి పొందారు. విముక్తి పొందినందువల్ల, బానిసగా వున్న భర్త ముగీస్‌తో వుండాలా వద్దా అని ఎంచుకునే హక్కు ఆమెకు వచ్చింది. ఆమె వద్దనుకున్నారు. ముగీస్ మదీనా వీధులలో ఆమె వెంట ఏడుస్తూ తిరిగేవాడు. అతని స్థితి చూసి జాలిపడి దైవప్రవక్త (సల్లం) ఆమెతో తిరిగి అతని దగ్గరకు వెళ్ళే విషయం ఆలోచించమన్నారు. అప్పుడామె, ఇది మీ ఆజ్ఞా అని అడిగారు. ఆజ్ఞ కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన చెప్పారు. అయితే నాకు అతని అవసరం లేదని ఆమె బదులిచ్చారు. ఆయన ఆమెను ఏమీ అనలేదు. ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీలో వుంది. నిన్నటి వరకు బానిసగా వున్న ఒక స్త్రీకి ఆజ్ఞకూ సిఫారసుకూ గల తేడా తెలుసు. ఆ తేడాను ప్రవక్తనే అడిగి తేల్చుకునే ధైర్యం వుంది. హక్కుల చైతన్యమంటే ఇదే.

తండ్రి తన ఇష్టానికి విరుద్ధంగా పెళ్ళి చేశాడని ఖన్సా బింతె ఖిజామ్ (రజి) ఫిర్యాదు చేస్తే ఆ వివాహం రద్దయింది. సాబిత్ బిన్ ఖైస్ భార్య వచ్చి, అతని నడవడిలోగాని ధర్మనిష్ఠలోగాని లోపమేమీ లేదు, కాని అతనితో నేను వుండలేను అని చెప్పుకున్నారు. మహర్‌గా ఇచ్చిన తోటను తిరిగి ఇస్తావా అని దైవప్రవక్త (సల్లం) అడిగారు. ఆమె ఇస్తానన్నారు. తోట తీసుకుని ఆమెను విడిచిపెట్టమని సాబిత్‌కు చెప్పారు. ఖులాకు మూలం ఇదే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆమె మహర్ తిరిగి ఇచ్చింది భర్త తప్పేమీ లేని సందర్భంలో. భార్యను పోషించకుండా వదిలివేసిన భర్త విషయంలో అదే కొలత వాడవచ్చునా అన్నది వేరే ప్రశ్న. దానికి తరువాత వస్తాను.

విద్య విషయానికి వస్తే, తమకు బోధించడానికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించమని స్త్రీలు అడగగా దైవప్రవక్త (సల్లం) కేటాయించారు. హజ్రత్ హఫ్సా (రజి)కు షిఫా బింతె అబ్దుల్లా (రజి) వ్రాయడం నేర్పారని అబూదావూద్ సంకలనంలోని హదీసు వల్ల తెలుస్తున్నది. తరువాతి శతాబ్దాలలో మక్కాలో నివసించిన కరీమా అల్‌మర్వజియా దగ్గర సహీహ్ బుఖారీ పాఠం వినడానికి దూరదేశాల పండితులు వచ్చేవారు. హిజ్రీ ఆరవ శతాబ్దంలో సమర్‌ఖండ్ పండితుడు అలాఉద్దీన్ కుమార్తె ఫాతిమా హనఫీ ధర్మశాస్త్రంలో దిట్ట. తండ్రి వ్రాసిన ‘తుహ్‌ఫతుల్ ఫుఖహా’కు ఆయన శిష్యుడు కాసానీ ‘బదాయిఉస్సనాయి’ అనే గొప్ప వ్యాఖ్యానం వ్రాశాడు. ఆ వ్యాఖ్యానాన్నే ఆమెకు మహర్‌గా లెక్కించి వివాహం చేశారని చరిత్రకారులు వ్రాశారు. ఆ ఇంటి నుంచి వెలువడిన ఫత్వాల మీద తండ్రి, కూతురు, అల్లుడు ముగ్గురి సంతకాలూ వుండేవట. ఫత్వా మీద సంతకం చేసిన స్త్రీల సంప్రదాయం నుంచి, తన నికాహ్‌నామాలో ఏముందో తెలియకుండా సంతకం చేసే స్థితికి మన ఆడపిల్లలు ఎట్లా వచ్చారన్నది సిగ్గుతో వేసుకోవలసిన ప్రశ్న.

ఆచారం ఆక్రమించిన చోటు

ఈ స్థితికి కారణం షరీఅత్ కాదు, దాని పేరుతో స్థిరపడిన ఆచారం. మన పెళ్ళిళ్ళలో రెండు సొమ్ముల ప్రస్తావన వస్తుంది. వరుడు ఇవ్వవలసిన మహర్ ఒకటి, వరుడికి ఇచ్చే ‘జోడే కీ రఖమ్’ మరొకటి. మొదటిది ధర్మం విధించినది. రెండవదానికి ధర్మంలో చోటు లేదు, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అది నేరం కూడా. ఆ చట్టమే మహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. అయినా జరుగుతున్నదేమిటి? జోడే కీ రఖమ్ పెళ్ళికి ముందే నోట్లు లెక్కపెట్టి చేతులు మారుతుంది. మహర్ కాగితం మీద వుండిపోతుంది. చివరికి భర్త చనిపోయి జనాజా లేవబోయే వేళ, ఏడుస్తున్న భార్య చుట్టూ చేరి, ‘మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా’ అని అడుగుతారు. మనస్ఫూర్తిగా వదిలినదే చెల్లుతుందని ఖుర్‌ఆన్ చెబుతుండగా, ఆ గడియలో ఆమె నోట వచ్చిన మాటను మనస్ఫూర్తి అనగలమా?

వారసత్వంలోనూ ఇదే కథ. తల్లిదండ్రులూ దగ్గరి బంధువులూ విడిచిన దానిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, స్త్రీలకూ నిర్ణీత భాగం వుందని అన్‌నిసా సూరా 7వ ఆయతు ప్రకటిస్తున్నది. 11, 12 ఆయతులు కూతురికీ తల్లికీ భార్యకూ వాటాలు నిర్ణయించాయి. సంతానం వున్న భర్త ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు, సంతానం లేకపోతే నాలుగో వంతు. తెలంగాణ రైతు, ఏ మతంవాడైనా, తండ్రి భూమిని తన పేర మార్చుకోవడాన్ని ‘విరాసత్’ అంటాడు. ఆ మాట మన ధర్మశాస్త్ర పరిభాష నుంచే వచ్చింది. మాట ఊరందరిదీ అయింది గాని, విరాసత్ చేయించుకునే నాడు చెల్లెళ్ళ చేత హక్కు వదులుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేయించడం మన ఇళ్ళలో మానలేదు. ఏ కాగితమో చెప్పి వేయించేవారు తక్కువ.

చట్టంలో ఏముంది

షరీఅత్‌తో పాటు దేశ చట్టం కూడా తెలిసి వుండటం అవసరం. నేను మద్రసాలో ఫిఖహ్ చదివాను, విశ్వవిద్యాలయానికి వెళ్ళాక ఈ చట్టాలు చదివాను. రెండూ ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తాయో అప్పుడే తెలిసింది.

1937లో షరీఅత్ అన్వయ చట్టం వచ్చింది. స్త్రీలను వారసత్వానికి దూరం చేసే స్థానికాచారాల స్థానంలో షరీఅత్ అమలు కావాలన్నది దాని ఉద్దేశాలలో ఒకటి. రెండేళ్ళకు 1939లో ముస్లిమ్ వివాహాల రద్దు చట్టం వచ్చింది. దీని వెనుక ఒక ఆలిమ్ కృషి వున్నది. హనఫీ సంప్రదాయంలో భార్య వివాహాన్ని రద్దు చేయించుకునే దారులు ఇరుకుగా వుండటంతో, క్రూరులైన భర్తల నుంచి బయటపడటానికి కొందరు స్త్రీలు మతమే వదులుకున్నట్టు ప్రకటించసాగారు. దీనితో మౌలానా అష్రఫ్ అలీ థానవీ కలత చెంది 1931లో ‘అల్‌హీలతున్నాజిజా’ అనే గ్రంథం వెలువరించారు. మాలికీ సంప్రదాయంలోని వెసులుబాట్లను హనఫీ స్త్రీలకు కూడా వర్తింపజేయవచ్చునని అందులో వాదించారు. ఆ వాదన ఆధారంగానే చట్టం రూపొందింది.

ఈ చట్టం ప్రకారం భర్త నాలుగేళ్ళుగా జాడ తెలియకపోయినా, రెండేళ్ళపాటు పోషణ ఇవ్వకపోయినా, ఏడేళ్ళు అంతకు మించి జైలు శిక్ష పడినా, సరైన కారణం లేకుండా మూడేళ్ళు వైవాహిక ధర్మాలు నెరవేర్చకపోయినా, క్రూరంగా ప్రవర్తించినా భార్య కోర్టుకు వెళ్ళి వివాహం రద్దు చేయించుకోవచ్చు. ఇంకా కొన్ని కారణాలున్నాయి. దీనిని ఫస్ఖ్ అంటారు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఆ చట్టం 5వ సెక్షన్‌లో వుంది. ఇట్లా వివాహం రద్దయినందువల్ల భార్య మహర్ హక్కుకు ఏ భంగమూ కలగదు.

నా దగ్గరకు వచ్చిన అమ్మాయి సంగతికి ఇప్పుడు రావచ్చు. రెండేళ్ళకు పైగా భర్త పోషణ ఇవ్వలేదు. ఫస్ఖ్‌కు అదొక్కటే చాలు. ఆ దారిన వెళితే మహర్ ఆమెదే. ఖులా దారిన వెళితే, పెద్దమనుషులు చెప్పినట్టు, మహర్ వదులుకోవాలి. తప్పు భర్తది, నష్టం భార్యది. ఎవరో ఆమెను మోసం చేయాలని చెప్పిన సలహా కాదది. చెప్పినవారికి ఖులా తెలుసు, ఫస్ఖ్ తెలియదు. వినేవారికి రెండూ తెలియవు. తెలియకపోవడం ఇంత ఖరీదు చేస్తుంది.

ఖులా విషయంలో కూడా పరిస్థితి కొంత మారింది. భర్త అంగీకారం లేనిదే ఖులా పూర్తి కాదని చాలామంది హనఫీ ఉలమా చెబుతారు. అయితే ఖులా కోరడం భార్య సంపూర్ణ హక్కనీ, భర్త ఒప్పుకోకపోయినా అది ఆగదనీ, ముఫ్తీ అభిప్రాయం సలహా వంటిదేననీ తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు చెప్పింది.

తలాఖ్ తరువాతి స్థితి గురించి కూడా క్లుప్తంగా చెబుతాను. 1985 నాటి షాబానో తీర్పు తరువాత 1986లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఇద్దత్ గడువులోగా భర్త భార్య భవిష్యత్తుకు సరిపడే న్యాయమైన ఏర్పాటు చేయాలనీ, బాకీ వున్న మహర్ చెల్లించాలనీ అందులో వున్నది. ఆ ఏర్పాటు ఇద్దత్ దినాలకే పరిమితం కాదని 2001లో సుప్రీంకోర్టు వివరించింది. ఒకేసారి మూడు మార్లు తలాఖ్ చెప్పే పద్ధతిని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2019 చట్టం దానిని నేరంగా చేసింది. విడాకులు పొందిన ముస్లిమ్ స్త్రీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద కూడా మనోవర్తి కోరవచ్చునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్ళినదే. ఇప్పుడు ఆ నిబంధన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా వుంది. ఈ చట్టాలలో కొన్నిటిని గురించి మనలో భిన్నాభిప్రాయాలు వున్నాయి. అభిప్రాయం ఏదైనా, అవి వున్నాయని స్త్రీకి తెలియడం ముఖ్యం.

ఏ అక్షరాస్యత?

2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లిమ్ స్త్రీల అక్షరాస్యత 50.1 శాతం. అన్ని వర్గాల స్త్రీల సగటు 53.7 శాతం. సచార్ సంఘం 2006 నివేదికలో ఈ వెనుకబాటును చర్చించింది. అయితే ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కన్నా ఎక్కువగానే వుండటం విశేషం. అందుకు సంతోషించాలి. కాని ఆ అక్షరాలు ఎక్కువమందికి తెలుగు అక్షరాలు. ఆంధ్ర ప్రాంతంలో ఇంటి భాష కూడా తెలుగే అయిన నూర్‌బాషా కుటుంబాలు ఎన్నో వున్నాయి. బడికి వెళ్ళి పది, ఇంటర్, డిగ్రీ చదివిన అమ్మాయి కూడా నికాహ్ నాడు తన జీవితంలోకెల్లా ముఖ్యమైన ఒప్పందం ముందు నిరక్షరాస్యురాలిగా కూర్చుంటున్నది.

ఉర్దూ నేర్పవద్దని నా అభిప్రాయం కాదు. ఆ భాష నాకు అన్నం పెట్టింది. కాని ఉర్దూ రానంత మాత్రాన హక్కు పోకూడదు. దివ్య ఖుర్‌ఆన్‌ను చిలుకూరి నారాయణరావుగారు 1925లోనే తెలుగు చేశారు. ఆ తరువాత ఎన్నో అనువాదాలు వచ్చాయి. దేవుని గ్రంథం తెలుగులోకి వచ్చి నూరేళ్ళయినా, మనుషులు వ్రాసుకునే నికాహ్‌నామా తెలుగులోకి రావడానికి ఇంత సంకోచమెందుకు?

చేయవలసినది

మొదటిది, నికాహ్‌నామా నమూనాను పెళ్ళికి కనీసం వారం ముందు వధువు చేతికి, ఆమెకు చదవ వచ్చిన భాషలో ఇవ్వాలి. మహర్ వెంటనే చెల్లించేదా, వాయిదాదా, సగం సగమా అన్నది స్పష్టమైన తెలుగు మాటలలో వ్రాయాలి. దీనారె సుర్ఖ్ అని వ్రాసే చోట ఎన్ని గ్రాముల బంగారమో కూడా చేర్చాలి. లేకపోతే రేపు లెక్కలో తగాదా వస్తుంది. సంతకాలైన తరువాత ఒక ప్రతి వధువు దగ్గరే వుండాలి.

రెండవది, షరతులు వ్రాసుకునే హక్కు గురించి చెప్పాలి. ఏ షరతుల మీద వివాహం జరుగుతుందో అవి అన్నిటికన్నా ముందు నెరవేర్చదగినవని దైవప్రవక్త (సల్లం) చెప్పినట్టు సహీహ్ బుఖారీలో వుంది. చదువు కొనసాగించడం, ఉద్యోగం చేయడం వంటివి షరతులుగా పెట్టుకోవచ్చు. భర్త తలాఖ్ అధికారాన్ని కొన్ని షరతుల మీద భార్యకు అప్పగించే ‘తఫ్వీజ్’ కూడా హనఫీ ధర్మశాస్త్రం అంగీకరించినదే. థానవీగారు తన గ్రంథంలో దానినీ వివరించారు. పాకిస్తాన్‌లో 1961 చట్టం కింద వచ్చిన నికాహ్‌నామాలో 18వ గడి దీనికోసమే వుంది. కాని చాలా చోట్ల వధువును అడగకుండానే ఆ గడికి అడ్డంగా గీత కొట్టేస్తారు. గడి ముద్రించినంత మాత్రాన చాలదు, దాని అర్థం తెలిసిన వధువు కావాలి. మన దేశంలో ముస్లిమ్ పర్సనల్ లా బోర్డు 2005లో ఒక నమూనా నికాహ్‌నామా ప్రకటించింది. నమూనాలకు కొరత లేదు. చదివించేవారికే కొరత.

మూడవది, మసీదు కమిటీలూ బాలికల మద్రసాలూ పెళ్ళీడు పిల్లలకు నాలుగైదు పాఠాలు ఏర్పాటు చేయాలి. మహర్ ఒక పాఠం, షరతులు ఒకటి, తలాఖ్-ఖులా-ఫస్ఖ్ తేడాలు ఒకటి, వారసత్వ వాటాలు లెక్క కట్టడం ఒకటి. అబ్బాయిలకు కూడా ఇదే పాఠం చెప్పాలి. తాను బాకీ పడ్డానని తెలియనివాడు బాకీ ఎట్లా తీరుస్తాడు?

నాలుగవది, గడువుల సంగతి. మహర్ కోసం దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్ళు. వెంటనే చెల్లించవలసిన మహర్ అయితే, భార్య అడిగి భర్త నిరాకరించిన నాటి నుంచి, లేదా ఆ లోగా వివాహం ముగిసిపోతే అప్పటి నుంచి లెక్క. వాయిదా మహర్ అయితే తలాఖ్ లేక మరణం నాటి నుంచి. ఖర్చుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కర లేదు. ఒక గది, కొన్ని జిరాక్సు కాగితాలు, చెప్పగల ఒక మనిషి చాలు. చదువుకున్న ఆడపిల్ల ప్రతి ఊళ్ళోనూ వున్నది. పాఠం ఆమెకు ఒకసారి చెబితే తరువాత ఆమే చెబుతుంది.

ఆ తల్లీ కూతుళ్ళు అనువాదం తీసుకుని వెళ్ళారు. ఖులా కాగితం మీద సంతకం చేయకుండా ఆపి, ఫస్ఖ్ కోసం కోర్టుకు వెళ్ళారని తరువాత తెలిసింది. అది త్వరగా తేలే వ్యవహారం కాదు. ఏడాది దాటాక ఒక సాయంత్రం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. చేతిలో ఇంకా ఎవరూ సంతకం చేయని ఒక నికాహ్‌నామా కాగితం వుంది.

“చెల్లెలి నికాహ్ వచ్చే నెల, భయ్యా. అది కూడా నాలాగే తెలుగులోనే చదివింది. ఇదంతా తెలుగులో వ్రాసివ్వండి. ఆ ముఅజ్జల్ దగ్గర మాత్రం ఏ అక్షరమో నాకు చూపించండి, నేనే దానికి చెబుతాను” అన్నది.

అక్షరం చూపించాను. ఆమె దాన్ని రెండుసార్లు తన వేలితో వ్రాసి చూసుకుంది. మొదటి దైవవాణి చదవమనే ఆదేశంతోనే మొదలైందని మనం ప్రతి సభలో చెబుతాము. ఆ ఆదేశాన్ని మన ఆడపిల్లలు తమ స్వంత కాగితాల వరకు పాటించేటట్టు చేసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.